బడి ఆటో వచ్చేలోగా తేల్చుకోవలసిన విషయం

జూన్ 12న బడులు తెరిచేనాటికి మా కోనసీమ కాలువలకు కొత్తనీరు వస్తుంది, వెనకే వానలు వస్తాయి, వానలతో పాటే పిల్లల జ్వరాలూ మొదలవుతాయి. ఈ ఏడాది మా అబ్బాయి బడివారు తల్లిదండ్రులు పాటించవలసిన ఆరోగ్య నియమాలను ఒక కాగితం మీద అచ్చువేయించి, డైరీలో అంటించుకోమని పంపారు. అందులో కొత్త సంగతులు తక్కువే. తెలిసిన నియమాన్నే పక్కన పెడితే ఏమవుతుందో నాకు మూడేళ్ల కిందట అనుభవమైంది కనుక ఇది రాస్తున్నాను.

అప్పుడు వాడు మూడో తరగతి, అవి క్వార్టర్లీ పరీక్షల రోజులు. పొద్దున్నే మెడ మీద చెయ్యి వేస్తే కాలుతోంది. థర్మామీటరు 100 డిగ్రీలు దాటింది. పరీక్ష పోతుందని పారాసిటమాల్ సిరప్ పోశాను. అరగంటకు చెమట పట్టి ఒళ్లు చల్లబడింది. చొక్కా బొత్తాలు పెడుతుంటే బొడ్డు పక్కన పెసరగింజంత నీటిపొక్కు ఒకటి కనిపించింది. దోమ కుట్టి ఉంటుందని సరిపెట్టుకున్నాను. ఇంతలో కాలువ గట్టు మీద ఆటో హారన్ మోగింది, ఎక్కించేశాను. మర్నాటికి ఒళ్లంతా ఆటలమ్మ పోసింది.

సరిగ్గా రెండు వారాలకు, ఆటోలో వాడి పక్కన కూర్చునే ఇద్దరు పిల్లలకూ పోసింది. వారిలో ఒక పాప తల్లి అప్పుడు ఏడు నెలల గర్భిణి. కడుపుతో ఉన్నవారికి ఆటలమ్మ సోకితే న్యుమోనియా దాకా వెళ్లే ప్రమాదం ఉంది. ఆవిడకు చిన్నతనంలోనే ఒకసారి పోసి ఉండడం వల్ల ఏమీ కాలేదు. కానీ డాక్టరుగారు ఆ మాట చెప్పేదాకా ఆ ఇంట్లో వారు పడ్డ ఆందోళనకు కారణం నేను.

ఆటలమ్మ పొక్కులు కనిపించడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇతరులకు అంటుకుంటుంది, సోకినవారిలో 10 నుంచి 21 రోజుల తరవాత బయటపడుతుంది. కాబట్టి వాడిని ఇంట్లో ఉంచినా ఆ పిల్లలకు అప్పటికే సోకి ఉండవచ్చు. అయితే పొక్కు చూసిన రోజే నేను బడికి, ఆటోలోని పిల్లల ఇళ్లకు కబురు చేసి ఉంటే, ఆ గర్భిణి రెండు వారాల ముందే డాక్టరును కలిసి ఉండేది. పిల్లవాడిని ఇంట్లో ఉంచడంతో పాటు ఎందుకు ఉంచామో దాచకుండా చెప్పడం కూడా తల్లిదండ్రుల బాధ్యతేనని నేను గట్టిగా నమ్ముతున్నాను.

పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా బడికి పంపకూడదని కాగితంలో ఉంది. మా అత్తగారు దాన్ని చదివించుకుని, నీళ్లు పోసేదాకా పిల్లలను గడప దాటనివ్వని తమ కాలపు ఆచారాన్ని గుర్తుచేశారు. ఆ ఆచారం ఎంతో మంచిది, వేపాకు మండ కట్టినా నష్టం లేదు. అయితే అమ్మవారు పోసినప్పుడు డాక్టరు దగ్గరకు వెళ్లకూడదన్న పట్టుదలను మాత్రం వదులుకోవాలి. ఆ జ్వరానికి పిల్లలకు ఆస్పిరిన్ ఎట్టిపరిస్థితుల్లోనూ ఇవ్వకూడదు.

మామూలు జ్వరమైతే, మందు వేయకుండానే 24 గంటల పాటు జ్వరం రాకుండా ఉన్న తరవాతే పంపాలి. సిరప్ పోసి తగ్గించింది లెక్కలోకి రాదు. వాంతులు, విరేచనాలు ఆగాక కనీసం ఒక పూర్తి రోజు ఆగాలి, రెండు రోజులైతే మరీ మంచిది. తట్టు అయితే దద్దురు కనిపించిన నాటి నుంచి నాలుగు రోజులు, గవదబిళ్ళలైతే వాపు మొదలైన నాటి నుంచి ఐదు రోజులు ఇంట్లో ఉంచాలి. తలలో పేలు ఉన్నాయని మాత్రం ఏ పిల్లనూ బడి మాన్పించనక్కర్లేదు, నలుగురిలో చిన్నబుచ్చనూ కూడదు.

మా ప్రాంతంలో డెంగ్యూ గురించి మరికొంత చెప్పాలి. ఆ దోమ పగటిపూట కుడుతుంది, మంచినీటి నిల్వల్లో గుడ్లు పెడుతుంది. పెరట్లో వానకు నిండిన కొబ్బరి చిప్పలు, తాగి పారేసిన బొండాల డొల్లలు దానికి చాలు. గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది కనుక వారానికి ఒకసారైనా వాటిని బోర్లించాలి, పిల్లలకు నిండు చేతుల చొక్కాలు వేయాలి. డెంగ్యూలో జ్వరం దిగిన రోజే ప్రమాదం మొదలు కావచ్చు. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, వీటిలో ఏది కనిపించినా బడి మాట మరిచి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఐబుప్రోఫెన్ వంటివి వాడకూడదు.

ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో బడిలో ఇచ్చే నులిపురుగుల మాత్రను పిల్లలు నమిలి మింగాలి. ఆ రోజు ఒంట్లో బాగాలేకపోతే టీచరుకు ముందే చెబితే తరవాత వేస్తారు.

హాజరు తగ్గుతుందన్న భయంతో జ్వరాన్ని దాచేవారు మా ఊళ్లో చాలామంది ఉన్నారు. పిల్లలను బడికి పంపే తల్లులకు అప్పట్లో డబ్బిచ్చిన అమ్మఒడి పథకంలో 75 శాతం హాజరు నిబంధన పెట్టినప్పటి నుంచి ఆ భయం మరింత పెరిగింది. 220 పనిదినాల్లో నాలుగో వంతు, అంటే 55 రోజులు మానినా 75 శాతం హాజరు ఉంటుంది. ఆటలమ్మకు వారం పోయినా ఆ లెక్క తప్పదు. నాట్ల రోజుల్లో ఇంట్లో ఎవరూ లేక పంపే తల్లుల ఇబ్బంది మాత్రం నిజమైనది, దాన్ని నేను తప్పుపట్టలేను. వారు ఇరుగుపొరుగులో ఒకరిని ముందే మాట్లాడి పెట్టుకోవడం తప్ప నాకు మరో దారి తోచడం లేదు.

మా వాడి డైరీలో ఆ కాగితం కింద నా ఫోన్ నంబరుతో పాటు మా తోటికోడలి నంబరూ రాశాను. నేను పొలంలో ఉండగా వాడికి బడిలో జ్వరం వస్తే ఆమె వెళ్లి తీసుకువస్తుంది. ఆ సంగతి టీచరుకూ, ఆటో అబ్బాయికీ చెప్పి ఉంచాను.