బ్యాటరీ మార్చే ముందు ఒకసారి మీటర్ పెట్టి చూడండప్పా

పొద్దున్నే బైకు సెల్ఫ్ కొడితే టక్ టక్ టక్ అని చప్పుడు తప్ప ఇంజిన్ తిరగదు, ఇంక అనంతపురంలో ఎవర్ని అడిగినా ఒకటే మాట, బ్యాటరీ పోయింది మార్చేయ్ అని. ఈ మాట వింటే నాకు నిజంగా బాధేస్తాది. పోయింది బ్యాటరీనే కావచ్చు, కానీ అది ఎందుకు పోయిందో చూడకుండా వెయ్యికి పైన పెట్టి కొత్తది వేస్తే అది కూడా కొన్ని నెలలకు అదే దారి పడతాది. బోరు మోటరు నీళ్ళు ఎక్కించట్లేదని మిద్దె మీద ట్యాంకు మార్చినట్టు ఉంటాది ఆ పని.

మా చిన్నాయన బండితో ఇదే జరిగింది. ఆయన ధర్మవరంలో ఉంటాడు, చీరల మూట వెనక కట్టుకుని వారంలో రెండు మూడు సార్లు అనంతపురం వచ్చిపోతుంటాడు, 125 సీసీ బండి, కిక్కు కూడా లేదు దానికి, సెల్ఫ్ ఒక్కటే. బ్యాటరీ డౌన్ అయితే కొత్తది వేయించినాడు, అదీ డౌన్ అయింది, షాపులో చార్జ్ పెట్టించుకుంటే రెండు రోజులు నడిచి మళ్ళీ మొదటికే. "ఏంరా, ఈ బండి నాకు అచ్చిరాలేదు, అమ్మేస్తా" అన్నాడు. "అమ్మేదెందుకు చిన్నాయనా, రెండు రోజులు బండి మా ఇంట్లో పెట్టిపో, బస్సుకు పో" అన్నా.

దీనికి కావాల్సింది ఒక డిజిటల్ మల్టీమీటర్, ఎలక్ట్రికల్ షాపులో మూడు నాలుగు వందల్లో వస్తాది, బండి ఉండే ప్రతి ఇంట్లో ఒకటి ఉండాలని నా అభిప్రాయం. డీసీ 20 వోల్టుల మీద పెట్టి ఎర్రది ప్లస్‌కి నల్లది మైనస్‌కి ఆనిస్తే చాలు. బండి రాత్రంతా ఆగి ఉన్నాక పొద్దున చూడాలి, తిరిగొచ్చిన వెంటనే చూస్తే పైపై చార్జ్ కనపడి మోసం చేస్తాది. 12.6 నుంచి 12.8 ఉంటే ఫుల్లు, 12.4 ఉంటే ముక్కాలు భాగం, 12.0 అంటే దాదాపు ఖాళీ. ఒకవేళ ఎంత చార్జ్ పెట్టినా 10.5 దగ్గరే ఆగిపోతుంటే లోపల ఒక సెల్ చచ్చినట్టే, ఎందుకంటే ఆరు సెల్లులు ఒక్కోటి సుమారు 2.1 వోల్టులతో కలిస్తేనే 12.6 అయ్యేది, అట్లాంటి దాన్ని మాత్రం మార్చాల్సిందే, ఇంక దాని మీద ఖర్చు పెట్టొద్దు.

చిన్నాయన బండిది 11.9 చూపించింది. విప్పి (ముందు మైనస్ వైరు, తర్వాత ప్లస్, ఈ వరస మర్చిపోవద్దు, స్పానర్ బాడీకి తగిలితే నిప్పురవ్వలు వస్తాయి) చార్జర్‌కి పెట్టినా. బ్యాటరీ మీద 4 ఏహెచ్ (యాంపియర్ అవర్, అంటే ఎంత కరెంటు పడతాదో ఆ లెక్క) అని ఉంటే 0.4 యాంపుల దగ్గర నిదానంగా, అంటే పదో వంతు, అట్ల రాత్రంతా పట్టాలి. గంటలో ఎక్కించి ఇచ్చేస్తామంటే ఒప్పుకోవద్దు, ప్లేట్లు వేడెక్కి పాడవుతాయి. చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ గ్యాసు వస్తాది కాబట్టి గాలి ఆడే చోట పెట్టి, దగ్గర బీడీ సిగరెట్ వెలిగించకుండా చూడండి. తీసినాక బండికి బిగించకుండా ఒక రోజు అట్లే పక్కన పెట్టి చూస్తే 12.7 కాడ కదలకుండా ఉంది. అంటే బ్యాటరీ చార్జ్ నిలబెట్టుకుంటోంది, దాని తప్పేం లేదు. నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యమైన పరీక్ష ఇదే, దీన్నే ఎవ్వరూ చెయ్యరు.

ఇంక రెండే దార్లు, కీ ఆఫ్‌లో ఉన్నా ఎవరో కరెంటు తాగుతుండాలి, లేకుంటే ఇంజిన్ తిరిగేటప్పుడు చార్జింగ్ రాకుండా ఉండాలి. మొదటిదానికి, కీ తీసేసి, మీటరును 10 యాంపుల మీద పెట్టి, మైనస్ వైరు విప్పి ఆ వైరుకి టెర్మినల్‌కి మధ్యలో మీటర్ పెట్టాలి, ఆ టైంలో పొరపాటున కూడా సెల్ఫ్ నొక్కొద్దు, మీటర్ ఫ్యూజ్ ఎగిరిపోతాది, లేకుంటే మీటరే కాలిపోతాది. అక్కడ దాదాపు సున్నా చూపిస్తే అప్పుడు ఎర్ర వైరు మార్చి మిల్లీ యాంపుల రేంజి మీద పెట్టి చూడండి, ఒకటి రెండు మిల్లీ యాంపులు ఉంటే గడియారానికి దానికీ దీనికీ పోతాయి, పర్లేదు. 50 మిల్లీ యాంపులు ఉందనుకోండి, రోజుకు 1.2 ఏహెచ్ పోతాది, 4 ఏహెచ్ బ్యాటరీ నాలుగు రోజులు కూడా ఆగదు. చేతికొచ్చినట్టు అతికించిన అలారాలు, మొబైల్ చార్జర్లు, రంగురంగుల ఎల్ఈడీలు, ఎక్కువగా ఇవే దొంగలు. ఒక్కో ఫ్యూజు తీస్తూ పోతే యాడ తగ్గితే ఆడ ఉన్నట్టు. చిన్నాయన బండిలో రెండు మిల్లీ యాంపులే, ఏ దొంగా లేడు.

బిగించి స్టార్ట్ చేసి మళ్ళీ టెర్మినల్స్ మీద మీటర్ పెట్టినా. యాక్సిలరేటర్ కొంచెం తిప్పితే 13.5 నుంచి 14.5 మధ్య రావాల. ఇది 12.3 నుంచి ఇంచు కదల్లేదు, రేజ్ చేసినా అంతే. (15 దాటితే అది ఇంకో రోగం, ఎక్కువ చార్జ్ అయ్యి బ్యాటరీలో నీళ్ళు ఉడికిపోతాయి, బల్బులు మాడతాయి.) చార్జింగ్ వచ్చే దారి ఏందంటే మాగ్నెట్ కాయిల్ నుంచి ఏసీ పుట్టి ఆర్ఆర్ యూనిట్‌కి (రెగ్యులేటర్ రెక్టిఫైయర్ అంటారు) పోయి అక్కడ డీసీ అయ్యి బ్యాటరీకి వస్తాది. చాలా బండ్లలో కాయిల్ నుంచి మూడు పసుపు వైర్లు వస్తాయి, ఏ రెండిటి మధ్య చూసినా ఏసీ వోల్టులు సమానంగా ఉండాల, రేజ్ చేస్తే పెరగాల. అవి బాగున్నాయి. ఆర్ఆర్ యూనిట్ కప్లర్, అంటే వైర్లు కలిపే ప్లాస్టిక్ కనెక్టర్, ఊడబీకి చూస్తే అక్కడుంది కథంతా, ఒక పిన్ను పచ్చగా తుప్పు పట్టి, చుట్టూ ప్లాస్టిక్ నల్లగా కరిగిపోయి ఉంది. నీళ్ళు పోయి తుప్పు పడితే కాంటాక్ట్ వదులై వేడెక్కుతాది, వేడెక్కితే ఇంకా వదులవుతాది, చివరికి కరుగుతాది. ప్రెషర్ పంపుతో వాటర్ సర్వీస్ చేయించేవాళ్ళు సీటు కింద, ఆర్ఆర్ యూనిట్ మీద కొట్టనివ్వొద్దని చెప్పండి, దయచేసి.

కొత్త కప్లర్, కొత్త పిన్నులు గట్టిగా నొక్కి వేయించినాక 14.1 వచ్చింది. అయిన ఖర్చు బ్యాటరీ ధరలో పావలా వంతు కూడా లేదు. అన్నాళ్ళూ ఎవరూ ఆ కప్లర్ ముట్టుకుని చూడలేదే అని కోపం వచ్చింది నాకు.

2017 ఏప్రిల్ నుంచి వచ్చే బండ్లకు హెడ్‌లైట్ ఆపే స్విచ్ లేదు, ఇంజిన్ తిరిగితే లైటు వెలగాల్సిందే. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొగ నిబంధనలు వచ్చినాక చాలా బండ్లకు కార్బురేటర్ పోయి ఎఫ్ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్) వచ్చింది, పెట్రోల్ పంపుకి కూడా కరెంటు కావాల. కాబట్టి సుభాష్ రోడ్డులో అంగడికీ అంగడికీ మధ్య స్టార్ట్ చేసి ఆపి స్టార్ట్ చేసి ఆపి తిరిగేవాళ్ళకు సెల్ఫ్ తీసుకున్నదే తిరిగి ఎక్కదు, మధ్యమధ్యలో ఒకసారి ఊరి బయట బుక్కరాయసముద్రం దాకన్నా తిప్పుకు రండి.

ఇంకోటి మన ఎండ. ఏప్రిల్ మే నెలల్లో 40 దాటుతాది కదా, పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ లోపలి రసాయన చర్య సుమారు రెండింతలు అవుతాది, దానంతటదే ఖాళీ అయ్యేదీ ప్లేట్లు తినేసేదీ రెండూ పెరుగుతాయి. ఖాళీగా వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి మళ్ళీ చార్జ్ తీసుకోదు, ఊరికి పోయేటప్పుడు మైనస్ వైరు విప్పి పోండి. నీళ్ళు పోసే రకం అయితే డిస్టిల్డ్ వాటరే, మన బోరు నీళ్ళలో ఉప్పు శాతం ఎంతో ఇంట్లో గిన్నెల అడుగున చూస్తూనే ఉన్నాం, ఆర్ఓ నీళ్ళు కూడా వద్దు. టెర్మినల్స్ మీద తెల్లగా పొక్కితే వంటసోడా నీళ్ళతో కడిగి ఆరబెట్టి వాజెలిన్ రాయండి.

అన్నీ చూసి బ్యాటరీదే తప్పు అని తేలితే అప్పుడు మార్చండి, వారంటీ కార్డు మీద తేదీ రాయించుకుని స్టాంపు వేయించుకోండి, పాతది గుజిరీకి వేయకుండా షాపుకే ఇవ్వండి, రేటు తగ్గిస్తారు, దాంట్లో ఉండే సీసం, యాసిడ్ కాలువలో కలవకుండా ఉంటాయి.