లిఫ్టులో ఒక్క నిమిషం
రాత్రి జేసన్ రేనాల్డ్స్ ‘లాంగ్ వే డౌన్’ ఏకబిగిన చదివేశాను. 2017లో వచ్చిన ఈ కవితల నవల దాదాపు మొత్తం, ఒక లిఫ్టు కిందికి దిగే నిమిషంలోనే నడుస్తుంది. అన్నను చంపినవాడిపై పగతో, నడుముకు తుపాకీ దోపుకున్న 15 ఏళ్ల విల్. అంతస్తుకొకరుగా చనిపోయినవాళ్లు లోపలికి ఎక్కుతుంటే నాకు ఊపిరాడలేదు. ఆ పిల్లాణ్ని చెయ్యి పట్టి ఆపాలనిపించింది. చివరి ప్రశ్న చదివాక పుస్తకం మూయలేక చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

ఎలిజబెత్ అసెవెడో ‘ది పొయెట్ ఎక్స్’ (2018) కూడా కవితల్లోనే సాగుతుంది. పైకి అనలేని మాటలన్నీ నోటుపుస్తకంలో దాచుకునే షియోమారా కోపం నాకు బాగా తెలిసిన కోపం. 14 ఏళ్లప్పుడే ఈ నవల నా చేతికి వచ్చి ఉంటే ఎంత బాగుండేది! తల్లి ఆ నోటుపుస్తకాన్ని తగలబెట్టే చోట ఏడ్చేశాను.