బెల్లం తిండి లెక్క

"కుక్కకి ఏం పెడుతున్నారమ్మా?" అని డాక్టర్ గారు అడిగితే బ్రాండ్ పేరు చెప్పాను. "ఎంత?" అంటే "రెండు పూటలా ఒక గ్లాసు" అన్నాను.

"గ్లాసంటే ఎన్ని గ్రాములు?"

తెల్లమొహం వేశాను. చెన్నై వేపేరిలో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి అది. 1903 నుంచి ఉన్న కాలేజీ. పొద్దున్నే పెరంబూర్ నుంచి ఆటోలో వచ్చి, చీటీ రాయించుకుని, లాబ్రడార్లకీ పిల్లి బుట్టలకీ మధ్య గంటన్నర నిలబడ్డాక, ఈ ఒక్క ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

మా కుక్క పేరు బెల్లం. రంగు అచ్చం అచ్చుబెల్లం రంగే. బాల్కనీలోంచి పిలిస్తే ఎదురింటి తమిళ మామి బెల్లం అమ్మేవాడొచ్చాడేమో అని తొంగి చూసేది మొదట్లో. నాటుకుక్క, ఐదేళ్లుంటాయి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. ఆ రోజు తూకం 17.5 కిలోలు. ఉండాల్సింది 14 అన్నారు డాక్టర్ గారు. చేత్తో తడిమితే పక్కటెముకలు తగలాలట, పైనుంచి చూస్తే నడుము దగ్గర సన్నబడాలట. మా బెల్లం పైనుంచి రుబ్బురోలు పొత్రంలా ఉంది.

నిజానికి నేను వెళ్లింది బరువు కోసం కాదు, దురద కోసం. మూడు నెలలుగా తోక మొదట్లో తెగ కొరుక్కుంటోంది. తిండి పడటం లేదని నాకు నేనే తేల్చేసుకుని, ధాన్యం అస్సలు లేని ఖరీదైన రకానికి మార్చాను. అంతకుముందు తెచ్చే తిండికి దాదాపు రెండింతల ధర. డాక్టర్ గారు తోక దగ్గర వెంట్రుకలు విడదీసి, నల్లటి ఇసుకరేణువుల్లాంటివి తడి దూది మీద రాల్చి చూపించారు. చూస్తుండగానే దూది ఎర్రగా మారింది. అవి పేల (ఫ్లీస్ అనే దూకే పురుగుల) మలం, అందులో ఉన్నది బెల్లం రక్తమే. దురదంతా పేల పని. తిండి వల్ల వచ్చే ఎలర్జీ ఉంటుంది కానీ పేల వల్ల వచ్చేదాని కంటే తక్కువేనట. అది తేలాలన్నా అంతకుముందెప్పుడూ తినని మాంసంతో చేసిన తిండి ఒక్కటే, ఇంకేదీ కలపకుండా ఎనిమిది వారాలు పెట్టి చూడాలి తప్ప సంచీ మార్చేస్తే తేలదు. పేల మందు రాసిచ్చి, "తిండి సంగతి మాత్రం లెక్కలేసుకుని రండి" అని పంపించారు.

ఇంటికొచ్చి మొదట చేసిన పని గ్లాసుని తూచడం. మా అత్తయ్య మజ్జిగ తాగే పాత స్టీలు గ్లాసే బెల్లం గ్లాసు కూడా అయింది. (అత్తయ్యకి ఆ సంగతి అప్పటికి తెలియదు.) వంటింటి కాటా మీద ఖాళీ గ్లాసు పెట్టి సున్నా చేసి, అంచుదాకా తిండి నింపాను. 130 గ్రాములు. అంటే రోజుకి 260. అదికాక పొద్దున ఇడ్లీ ముక్క, మధ్యాహ్నం పెరుగన్నం, సాయంత్రం మేరీ బిస్కెట్లు, వారానికి మూడు గ్రేవీ పౌచ్‌లు (కుక్కల కోసం పొట్లాల్లో అమ్మే తడి తిండి).

ఇక సంచీ. ఇక్కడే నా మొదటి తప్పు దొరికింది. ధాన్యం లేని రకానికి మారకముందు రెండేళ్లపాటు నేను తెచ్చింది విడి తిండి. కొళత్తూర్‌లో రంగుచేపల దుకాణాల వరసలో ఒక అంగడి ఉంది. 20 కిలోల సంచీ విప్పి, కిలో చొప్పున పారదర్శక కవర్లలో కట్టి అమ్ముతారు. "మంచి సరుకక్కా, అందరూ ఇదే తీసుకెళ్తారు" అనేవాడు. ఆ కవర్ మీద ఏమీ ఉండదు. ఏం కలిపారో, ఎప్పుడు చేశారో, ఎప్పటిలోగా వాడాలో, బ్యాచ్ నంబరేమిటో, ఏదీ. చెన్నై గాలిలో తేమ సంగతి చెప్పక్కర్లేదు, అప్పడాలు మెత్తబడటానికి గంట చాలు. తెరిచిన సంచీలో కొవ్వు గాలి తగిలి పాడవుతుంది, తేమ పడితే బూజు పడుతుంది. కొన్ని కవర్లకు వడియాలు వేయించిన పాత నూనె కంపు వచ్చేది, కుక్క తిండి వాసనే అంత అనుకునేదాన్ని. ఇప్పుడు చిన్న సంచీ కొని, ఆ సంచీతో సహా మూత బిగిసే స్టీలు డబ్బాలో పెడుతున్నాను. డబ్బాలో ఒలకబోస్తే లేబుల్ పోతుంది, అడుగున పాత నూనె జిడ్డూ పేరుకుంటుంది.

తర్వాతి శనివారం అదే వీధిలో దుకాణాలన్నీ తిరిగి తొమ్మిది సంచీల వెనక వైపు ఫొటోలు తీసుకొచ్చాను. ముందు వైపు తీయలేదు. ముందు వైపు ఉండేది మెరిసే కుక్క, కోడి తొడ, క్యారెట్టు బొమ్మలే.

పదార్థాల జాబితా బరువు లెక్కన, ఎక్కువ నుంచి తక్కువకి రాస్తారు. మొదట ఏది ఉంటే అదే ఎక్కువన్నమాట. వినడానికి సులువే, మెలిక ఉంది. తూచేది వండకముందు బరువు. పచ్చి కోడిమాంసంలో 70 శాతం వరకూ నీళ్లే. కాబట్టి జాబితాలో "తాజా చికెన్" మొదట ఉన్నా, ఎండాక అది నాలుగో స్థానానికి జారిపోవచ్చు. "చికెన్ మీల్" అంటే నీళ్లూ కొవ్వూ తీసేసి పొడి చేసినది. పేరు అంత అందంగా లేదు గానీ గ్రాముకి ప్రొటీన్ దాంట్లోనే ఎక్కువ. ఇంకో సంచీలో మొక్కజొన్న, మొక్కజొన్న గ్లూటెన్, మొక్కజొన్న తవుడు అని మూడు చోట్ల విడగొట్టి రాశారు. మూడూ కలిపితే కోడిని దాటేస్తుంది.

"బై ప్రోడక్ట్స్" అన్న మాట చూసి మా ఆయన మొహం చిట్లించారు, చెత్తంతా కలుపుతారని. లివర్, కిడ్నీ, ఊపిరితిత్తులు, కడుపు లాంటివాటిని అలా రాస్తారు. వెంట్రుకలూ కొమ్ములూ గిట్టలూ అందులో రాకూడదని అమెరికా వాళ్ల నిర్వచనం. ఆదివారం పొద్దున్నే బోటి కోసం క్యూలో నిలబడే మనిషి, తలకాయ కూరలో మెదడు ముక్క నాదంటే నాదని తమ్ముడితో పోట్లాడే మనిషి, కుక్క దగ్గరికొచ్చేసరికి ఫారిన్‌వాడైపోయారు.

ధాన్యం లేని తిండి సంగతీ అప్పుడే తెలిసింది. ధాన్యం తీసేసిన చోట బఠాణీ, మసూర్ పప్పు లాంటివో బంగాళాదుంపో నింపుతారు. పిండిపదార్థం ఎక్కడికీ పోదు. అలాంటి తిండి తినే కొన్ని కుక్కల్లో గుండె కండరం పలచబడే జబ్బు కనిపిస్తోందని 2018 జులైలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ విచారణ మొదలుపెట్టింది. తిండే కారణమని తేల్చలేదు, ఏమీ లేదనీ చెప్పలేదు. కుక్క తోడేలు కదా, పిండి అరగదు అనే మాటా నిలవదు. తోడేలుతో పోలిస్తే కుక్కలో పిండిని అరిగించే జన్యువు ప్రతులు చాలా ఎక్కువని 2013లోనే పరిశోధకులు చూపించారు. మనుషుల ఇళ్ల చుట్టూ అన్నం తిని పెరిగిన జాతి మరి. మూడు నెలలు పెట్టిన డబ్బు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

జాబితా కంటే నాకు అక్కరకొచ్చింది కింద ఉండే చిన్న పట్టిక. క్రూడ్ ప్రొటీన్ కనీసం ఇంత, కొవ్వు కనీసం ఇంత, పీచు గరిష్ఠం ఇంత, తేమ గరిష్ఠం ఇంత. ఇక్కడ క్రూడ్ అంటే నాసిరకం అని కాదు. తిండిలో నైట్రోజన్ ఎంతుందో కొలిచి 6.25తో గుణిస్తారు, అంతే. ఆ నైట్రోజన్ మాంసానిదో ఇంకోదానిదో ఆ అంకె చెప్పదు. 2007లో చైనా నుంచి అమెరికా వెళ్లిన గోధుమ గ్లూటెన్‌లో మెలమైన్ అనే, నైట్రోజన్ ఎక్కువున్న రసాయనం కలిపింది ఈ సందు చూసుకునే. కిడ్నీలు పాడై ఎన్నో పిల్లులూ కుక్కలూ చచ్చిపోయాయి.

తేమ తీసెయ్యకుండా రెండు రకాల్ని పోల్చకూడదు. మా పొడి తిండిలో ప్రొటీన్ 24, తేమ 10. అంటే 90లో 24, దాదాపు 27 శాతం. గ్రేవీ పౌచ్‌లో ప్రొటీన్ 8, తేమ 82. అంటే 18లో 8, 44 శాతం! ఎనిమిదని నేను చులకనగా చూసిన పౌచ్‌లో, ఎండు లెక్కన, ప్రొటీన్ ఎక్కువ. పెద్ద కుక్కకి ఎండు లెక్కన కనీసం 18, పిల్లలకి 22.5 ఉండాలని అమెరికాలో మేత నియంత్రణాధికారుల సంఘం యాఫ్‌కో కొలమానం. నేను ఫొటో తీసిన పెద్ద కుక్కల సంచీలన్నీ 18 దాటాయి. అయితే ఆ పౌచ్ వెనక మూల "కాంప్లిమెంటరీ" అని ఆవగింజంత అక్షరాల్లో ఉంది. అంటే పక్కన నంజుకోవడానికి మాత్రమే, పూర్తి భోజనం కాదు. "కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్" అనీ, పిల్లకా పెద్దదానికా అనీ ఉంటేనే అదొక్కటే పెట్టొచ్చు. ఊరికెళ్లినప్పుడల్లా పక్కింటి వాళ్లకి నేనిచ్చి వెళ్లేది ఆ పౌచ్‌లే.

కేలరీలు మా సంచీ మీద లేవు. నేనే కట్టాను. ప్రొటీన్ 24, కొవ్వు 10, పీచు 5, తేమ 10, బూడిద అంటే ఖనిజాలు సుమారు 8. నూరులోంచి అన్నీ తీసేస్తే పిండిపదార్థం 43. ప్రొటీన్‌కీ పిండికీ గ్రాముకి మూడున్నర కేలరీలు, కొవ్వుకి ఎనిమిదిన్నర. మొత్తం నూరు గ్రాములకి 320 కేలరీలు.

ఇక బెల్లానికి ఎంత కావాలి? ఫోన్ కాలిక్యులేటర్‌లో, ఉండాల్సిన బరువు 14ని 14తో, మళ్లీ 14తో గుణించాను. 2744. వర్గమూలం గుర్తు రెండుసార్లు నొక్కితే 7.24. దాన్ని 70తో గుణిస్తే 507. కదలకుండా పడుకున్నా ఒంటికి కావాల్సిన కేలరీలవి. ఆపరేషన్ అయిన పెద్ద కుక్కకి మామూలుగా దాన్ని 1.6తో గుణిస్తారు, 810 వస్తుంది. 260 గ్రాములకి నేను పెడుతున్నది 832. అంటే రెండు గ్లాసులతోనే రోజు బత్తెం ముట్టిపోయింది. ఇడ్లీ, పెరుగన్నం, బిస్కెట్లు, పౌచ్‌లు అన్నీ పైసంపాదన. పొత్రం అవదా మరి!

నేను లోపల ఏముందని నెలల తరబడి తల బద్దలుకొట్టుకుంటే, తేడా వచ్చింది ఎంత పెడుతున్నానన్న దగ్గర.

లేబుల్ చెప్పని ప్రశ్నలు కొన్ని మిగిలాయి. అవి కంపెనీలనే అడగమని ప్రపంచ చిన్న జంతువుల వైద్యుల సంఘం వాళ్ల సూచన. తిండిని ఎవరు రూపొందించారు, వాళ్ల చదువేమిటి, సొంత ఫ్యాక్టరీయేనా, కుక్కలకి పెట్టి చూశారా లేక కాగితం మీద లెక్కేనా, కాల్షియం ఫాస్ఫరస్ అసలు అంకెలెంత. మూడు కంపెనీలకి రాశాను. ఒకరు నాలుగో రోజు ఫోన్ చేసి అడిగినవన్నీ చెప్పారు, అంకెల కాగితం కూడా పంపారు. ఇంకొకరు పది శాతం తగ్గింపు కూపన్ పంపారు. మూడోవారి నుంచి ఈ రోజు వరకూ ఉలుకూ పలుకూ లేదు. మన దేశంలో ఇది ఎవరికి చెప్పుకోవాలో కూడా తికమకే. ఆహార భద్రత చట్టం పశువుల మేతను ఆహారం కింద లెక్కించదు. భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్‌కి కుక్కలూ పిల్లుల తిండికి ఐఎస్ 11968 అని ఒక ప్రమాణం ఉంది, నేను తీసిన తొమ్మిది ఫొటోల్లో దాని ఊసు లేదు. ఫోన్ చేసినవాళ్ల సంచీయే కొన్నాను. జాబితాలో మొదటిది చికెన్ మీల్, రెండోది బియ్యం. పాత దాని లెక్కే దాదాపు, నూరు గ్రాములకి 320.

ఇదంతా చూసి అత్తయ్య, "సూళ్లూరుపేటలో మా కుక్కలు గంజన్నం తిని బతకలేదూ? ఇంట్లోనే వండరాదా" అన్నారు. ఆ ఆలోచన నాకూ వచ్చింది. ఇంటి వంట తప్పని కాదు. ఉత్త చికెనూ అన్నమే పెడితే కాల్షియం చాలదు, జింకు చాలదు. 2013లో కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయం వాళ్లు 200 ఇంటి వంటకాలు పరీక్షిస్తే 95 శాతంలో కనీసం ఒక పోషకం తక్కువైంది. సరిగ్గా వండాలంటే పోషణ చదివిన డాక్టరు రాసిచ్చిన కొలతలతోనే వండాలి. మూడు పూటలా మనుషులకి వండేసరికే నా పని అయిపోతోంది.

మళ్లీ వేపేరి వెళ్లి లెక్కల కాగితం చూపించాను. బరువు తగ్గేదాకా 507 దాటొద్దన్నారు. 140 గ్రాముల పొడి తిండి, అంటే 450 కేలరీలు. మిగతా యాభై చిల్లర అత్తయ్య ఇడ్లీ ముక్కకి వదిలేశాను, లేకపోతే ఇంట్లో యుద్ధమే. పూటకి 70 గ్రాములు తూచి గ్లాసులో పోసి, ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ ఎర్ర నెయిల్ పాలిష్‌తో గీత గీశాను. సగం కంటే కాస్త పైన. ఆ రోజే అత్తయ్యకి గ్లాసు సంగతి తెలిసింది. ఆవిడకి కొత్త గ్లాసు కొనాల్సొచ్చింది.

నాలుగు నెలలు దాటాయి, ఇప్పుడు 15.1. దురద పేల మందుతోనే పోయింది. పోయిన వారం అదే కంపెనీ కొత్త సంచీ తెచ్చాను. "కొత్త రుచి" అని ముందు వైపు. వెనక్కి తిప్పి చూస్తే ప్రొటీన్ 26, కొవ్వు 14, పీచు 4. మళ్లీ లెక్క కట్టాను, 343. పూటకి 65 గ్రాములే. పాత గీత రిమూవర్‌తో తుడిచి కొత్తది గీస్తుంటే అత్తయ్య కళ్లజోడు సర్దుకుని చూశారు.

"ఏమే, దాని గీత ఇంకా కిందికి దిగిందేం?"