యోనా ఎందుకు పారిపోయాడు

నాకు పదేళ్లప్పుడు ఒకరోజు మధ్యాహ్నం నిద్ర లేచేసరికి ఇంట్లో ఎవరూ లేరు. అమ్మా అని పిలిచాను, పలకలేదు. స్టవ్ మీద గిన్నె ఉంది, వీధి తలుపు తీసే ఉంది, మనుషుల అలికిడి మాత్రం లేదు. క్రైస్తవ ఇళ్లలో పెరిగినవాళ్లకి ఆ తర్వాత నాకేం అనిపించి ఉంటుందో చెప్పక్కర్లేదు. యేసు రెండో రాకడ వచ్చేసింది, నమ్మినవాళ్లందరూ పరలోకానికి ఎత్తబడ్డారు, పొద్దున అబద్ధం ఆడాను కాబట్టి నేనొక్కదాన్నే మిగిలిపోయాను. మేడ మీద ఆరేసిన బట్టలు తీసుకుని అమ్మ కిందికి వచ్చేసరికి నేను మోకాళ్ల మీద ఉండి వెక్కి వెక్కి ఏడుస్తున్నాను.

అప్పటికే నాకు బైబిల్లో యోహాను 3:16, దేవుడు లోకాన్ని ప్రేమించి తన కుమారుణ్ణి ఇచ్చాడనే వాక్యం, కంఠతా వచ్చు, సండేస్కూల్లో అప్పజెప్పి ప్రైజు కూడా తెచ్చుకున్నాను. కానీ ఆ పది నిమిషాల్లో ఆ వాక్యం ఒక్కసారీ గుర్తు రాలేదు. దేవుడు అనగానే నా లోపల కనిపించే ముఖం వేరే ఉండేది, దానికీ ఆ వాక్యానికీ సంబంధం లేదు.

ప్రసంగాల్లో ఒక కథ మీరూ వినే ఉంటారు. న్యాయాధిపతి నేరస్తుడికి మరణశిక్ష వేస్తాడు, ఇంతలో ఆ న్యాయాధిపతి కొడుకు ముందుకొచ్చి ఆ శిక్ష నేను భరిస్తానంటాడు. చెప్పేవాళ్ల ఉద్దేశం మంచిదే. కానీ విన్న పిల్ల మనసులో చివరికి మిగిలేది, తండ్రికి కోపం, కొడుక్కి జాలి, కొడుకు అడ్డుపడబట్టి మనం బతికాం అని. నేనైతే ఇరవై ఏళ్లు దాటేదాకా యేసయ్యా అని ప్రార్థన చేసేదాన్ని, తండ్రీ అనాలంటే నోరు వచ్చేది కాదు. రెండో శతాబ్దంలో మార్సియన్ అనే ఆయన ఈ దారిలో చివరిదాకా వెళ్లిపోయాడు. పాత నిబంధనలో, అంటే యేసుకి ముందు రాసిన బైబిలు భాగంలో, కనిపించే దేవుడు వేరు, యేసు చూపించిన తండ్రి వేరు అని, పాత నిబంధన మొత్తాన్నీ పక్కన పెట్టేశాడు. 144లో రోమా సంఘం అతన్ని వెలివేసింది. మనం నోటితో అంత మాట అనం గానీ, మోకరించినప్పుడు చాలామంది గుండెల్లో ఇద్దరు దేవుళ్లు ఉంటారని నాకు గట్టిగా అనిపిస్తుంది.

నాకు ఆ రెండు ముఖాలూ ఒకటైంది నిర్గమకాండంలో, నేను అస్సలు ఎదురుచూడని చోట. ఇశ్రాయేలు జనాన్ని ఐగుప్తు నుంచి నడిపించుకొచ్చిన మోషే, దేవుణ్ణి "నీ మహిమ నాకు చూపించు" అని అడుగుతాడు. అడిగిన సమయం చూడండి. కొండ దిగువన జనం బంగారు దూడ చేసుకుని దానికి మొక్కి ఎంతో కాలం కాలేదు, దేవుడి ఆజ్ఞలు రాసిన రాతి పలకలు పగిలిపోయి ఉన్నాయి, దేవుడితో వాళ్ల నిబంధన మొదలవుతూనే తెగిపోయింది. నేనే ఆ స్థానంలో ఉంటే మహిమ అంటే మెరుపులూ అగ్నీ అనుకునేదాన్ని. దేవుడు మాత్రం నా మంచితనమంతా నీ ఎదుట కనబరుస్తాను అంటాడు. తర్వాతి అధ్యాయంలో మోషే కొత్త పలకలు పట్టుకుని కొండెక్కితే, దేవుడు తన పేరు తానే ప్రకటించుకుంటాడు: కనికరము, దయ, దీర్ఘశాంతము, విస్తారమైన కృపాసత్యములు గల దేవుడు. జనం ఘోరంగా చెడిపోయిన రోజుల్లో ఆయన తన గురించి చెప్పుకున్న మొదటి మాట కనికరం.

ఆ హెబ్రీ మాటల దగ్గర నేను చాలా రోజులు ఆగిపోయాను. కనికరం అని మనం చదివే రహూమ్ అనే మాట, తల్లి గర్భానికి వాడే రెహెమ్‌తో చుట్టరికం ఉన్న మాట. అంటే తెలుగులో మనం కడుపుతీపి అంటామే, అచ్చంగా అది. ఇక దీర్ఘశాంతం దగ్గర ఉన్న హెబ్రీ మాటలకి ఉన్నదున్నట్టు అర్థం "పొడవైన ముక్కు". హెబ్రీలో కోపానికీ ముక్కుకీ ఒకటే మాట. మనమూ చిటుక్కున కోపం వచ్చేవాళ్లని ముక్కు మీదే కోపం అంటాం కదా, ఆ లెక్కన దేవుడి ముక్కు చాలా పొడవు, కోపం అక్కడికి చేరడానికి ఎంతో సమయం పడుతుంది. కృప అనే చోట ఉన్నది హెసెద్, మాట ఇచ్చినవాడు అవతలివాడు తప్పినా తాను తప్పకుండా అంటిపెట్టుకుని ఉండే ప్రేమ. ఈ వరసంతా ఇశ్రాయేలీయులు మర్చిపోలేదు, 103వ కీర్తనలో, నెహెమ్యా గ్రంథంలోని లేవీయుల ప్రార్థనలో, యోవేలు గ్రంథంలో మళ్లీ మళ్లీ వస్తుంది. దేవుడు ఎలాంటివాడు అని ఎవరైనా అడిగితే వాళ్లకి నోటికి వచ్చే జవాబు అది.

అయితే మోషేకి చెప్పిన ఆ మాటల రెండో సగంలో, దోషుల్ని నిర్దోషులుగా ఎంచడు అని కూడా ఉంది. దీన్ని దాటేసి ప్రేమ గురించే మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించలేను. నాకు బాగా దగ్గరైన మనిషి ఒకరు కొన్నేళ్ల క్రితం నన్ను మోసం చేశారు, వివరాలు వద్దు. ఆ సమయంలో ఎవరో వచ్చి "దేవుడు అందర్నీ ప్రేమిస్తాడులే, వదిలెయ్" అంటే నాకు ఒళ్లు మండిపోయింది. జరిగిన చెడుని చెడు అని కూడా అనని ప్రేమ, దెబ్బ తిన్నవాళ్లకి ప్రేమలా అనిపించదు. దేవుడికి పాపం మీద కోపం ఉంది కాబట్టే ఆయన మంచివాడని నేను నమ్మగలుగుతున్నాను.

మరి కడుపుతీపి ఉన్న దేవుడు, తప్పుని తప్పు కాదనలేని దేవుడు, ఇద్దరూ ఒక్కడే అయితే ఏం చేస్తాడు? సిలువ దగ్గర నేను ఇన్నాళ్లూ తలకిందులుగా చదివిందేంటో అప్పుడు అర్థమైంది. యేసు చనిపోయాడు కాబట్టి తండ్రి మనల్ని ప్రేమించడం మొదలుపెట్టాడని ఎక్కడా లేదు. దేవుడు లోకాన్ని ప్రేమించాడు, అందుకే కుమారుణ్ణి ఇచ్చాడు. చిన్నప్పుడు ప్రైజు తెచ్చుకున్న వాక్యంలోనే ఆ వరస ఉంది. కొరింథీయులకు రాస్తూ పౌలు, దేవుడే క్రీస్తులో ఉండి లోకాన్ని తనతో సమాధానపరచుకుంటున్నాడు అంటాడు. యేసు కూడా నా ప్రాణం ఎవరూ తీసుకోరు, నేనే పెడుతున్నాను అన్నాడు. కోర్టు కథలో న్యాయాధిపతి కుర్చీ దిగడు, సువార్తలో దిగింది ఆయనే. క్షమించడం అంటే నష్టాన్ని క్షమించేవాడే మోయడం, ఇది మనుషుల మధ్య కూడా అంతే, నన్ను మోసం చేసిన మనిషి విషయంలో ఆ బరువు ఎలా ఉంటుందో నాకు తెలుసు. పౌలు రోమీయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయంలో మన తెలుగు బైబిలు క్రీస్తుని కరుణాధారం అంటుంది. అక్కడ గ్రీకులో ఉన్న మాట, మందసం, అంటే ఆజ్ఞల పలకలు ఉంచిన పెట్టె, దాని మీది మూతైన కరుణాపీఠానికి వాడే మాటే. ప్రధాన యాజకుడు ఏడాదికి ఒక్కసారి రక్తం తీసుకుని తెర లోపలికి వెళ్లి, ఎవరూ చూడకుండా చిలకరించే చోటు అది. దాన్ని దేవుడు సిలువ మీద, ఊరి బయట, దారిన పోయేవాళ్లంతా చూసేలా పెట్టాడు.

రక్షణ అనే మాట గురించి కూడా ఒకటి చెప్పాలి. "రక్షణ పొందావా" అని అడిగితే నేను ఎప్పుడూ నరకం నుంచి అనే అనుకున్నాను, ఇంకా లోతుగా చూస్తే దేవుడి నుంచే తప్పించుకోవడం అనుకున్నాను. మత్తయి మొదటి అధ్యాయంలో దూత యోసేపుతో చెప్పింది వేరు: తన ప్రజల్ని వాళ్ల పాపాల నుంచి రక్షిస్తాడు, అందుకే యేసు అని పేరు పెట్టు. యేసు అనే పేరుకే యెహోవా రక్షిస్తాడు అని అర్థం. అబద్ధం ఆడిన పదేళ్ల పిల్లకి శిక్ష తప్పించడం ఒక్కటే కాదు, అబద్ధం ఆడాల్సిన భయం దాని లోపల నుంచి పోవడం కూడా రక్షణే. అది నాలో ఇంకా జరుగుతూనే ఉంది, చాలా నెమ్మదిగా.

ఇప్పుడు యోనా. శత్రువులైన అష్షూరువాళ్ల పట్టణం నీనెవెకి వెళ్లి హెచ్చరించమని దేవుడు పంపిన ప్రవక్త ఆయన. వెళ్లకుండా ఓడెక్కి పారిపోయింది భయంతో అనే అనుకున్నాను చాలాకాలం. చివరికి ఆయన వెళ్లి హెచ్చరిస్తే ఆ పట్టణం మారింది, దేవుడు దాన్ని నాశనం చేయలేదు. అప్పుడు నాలుగో అధ్యాయంలో ఆయనే దేవుడికి చెప్తాడు అసలు కారణం. నువ్వు కనికరం, దయ, దీర్ఘశాంతం ఉన్న దేవుడివని నాకు తెలుసు, అందుకే పారిపోయాను. మోషేకి కొండ మీద వినిపించిన అవే మాటలు, ఇక్కడ ఫిర్యాదుగా! పారిపోతూ సముద్రంలో పడి, పెద్ద చేప కడుపులో ఉన్నప్పుడు రక్షణ యెహోవాదే అని ప్రార్థించినవాడికి, ఆ రక్షణ అష్షూరువాళ్లకి దొరికితే చచ్చిపోవాలనిపించింది. పుస్తకం దేవుడి ప్రశ్నతో ఆగిపోతుంది: కుడి ఎడమలు తెలియని లక్షా ఇరవై వేల మందికి పైగా ఉన్న పట్టణం, బోలెడన్ని పశువులు, నేను జాలిపడకూడదా? యోనా ఏం జవాబిచ్చాడో రాసి లేదు.

ఆ మోసం చేసిన మనిషి ఈమధ్య మళ్లీ చర్చికి వస్తున్నారని, ప్రార్థనలో ఏడ్చారని ఎవరో చెప్పారు. వినగానే నాకు కలిగింది సంతోషం కాదు. తండ్రి ఎలాంటివాడో ఇంత చదివి, ఇంత ఏడ్చి, ఆ నిమిషంలో నేను యోనా పక్కనే కూర్చుని ఉన్నాను. ఈ నెల నుంచి రాత్రి ప్రార్థనలో ఆ పేరు చెప్తున్నాను. కొన్ని రోజులు చెప్పగలుగుతున్నాను, కొన్ని రోజులు పేరు దగ్గరికి వచ్చి ఆగిపోతున్నాను.