సీఎస్‌ఐఆర్ నెట్ కెమిస్ట్రీ: ఎఫ్‌టీఐఆర్‌లో బట్టీ పట్టాల్సింది తక్కువ

ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) స్పెక్ట్రమ్ అనగానే మనవాళ్లంతా కార్బొనైల్ 1700 సెం.మీ⁻¹ దగ్గర, నైట్రైల్ 2250 దగ్గర అంటూ పట్టికల మీద పడతారు. అవి కావాల్సిందే. కానీ ఆ స్పెక్ట్రమ్ తీసే మెషీన్, అంటే ఎఫ్‌టీఐఆర్ (ఫూరియర్ ట్రాన్స్‌ఫార్మ్ ఇన్‌ఫ్రారెడ్), ఎలా పనిచేస్తుందో చాలామంది వదిలేస్తారు. నన్నడిగితే తక్కువ శ్రమతో మార్కులు దొరికే టాపిక్ అదే.

లోపల ఉండేది మైకెల్సన్ ఇంటర్‌ఫెరోమీటరే. 1887లో మోర్లీతో కలిసి ఈథర్ (కాంతిని మోస్తుందని అప్పట్లో అనుకున్న మాధ్యమం) కోసం మైకెల్సన్ వెతికింది ఇలాంటి ఏర్పాటుతోనే. బీమ్ స్ప్లిట్టర్ కాంతిని రెండుగా చీలుస్తుంది. ఒక భాగం కదలని అద్దానికి, ఇంకోటి కదిలే అద్దానికి తగిలి వెనక్కొచ్చి కలుస్తాయి. కాంతి వెళ్లి రావాలి కాబట్టి అద్దం జరిగిన దూరానికి పాత్ డిఫరెన్స్ (రెండు భాగాలు ప్రయాణించిన దూరాల తేడా) రెట్టింపు. రిజల్యూషన్ (విడివిడిగా చూపగల అతి చిన్న తేడా) సుమారుగా గరిష్ఠ పాత్ డిఫరెన్స్‌కి విలోమం. 4 సెం.మీ⁻¹ రిజల్యూషన్ కావాలంటే పాత్ డిఫరెన్స్ 0.25 సెం.మీ., అద్దం జరగాల్సింది 0.125 సెం.మీ. మాత్రమే. ఆప్షన్లలో 0.25 కూడా ఉంటే తొందరపడి టిక్ పెట్టేయకండి.

ఫెల్గెట్ అడ్వాంటేజ్‌కి నిర్వచనం వల్లించడం కంటే ఒక లెక్క వేసి చూడండి. 4000 నుంచి 400 వరకు నాలుగేసి చొప్పున 900 భాగాలు. డిటెక్టర్ వాటన్నింటినీ ఒకేసారి చూస్తుంది. అసలు నాయిస్ డిటెక్టర్‌దే అయితే, అంతే టైమ్‌లో సిగ్నల్-నాయిస్ నిష్పత్తి 900కి వర్గమూలం, అంటే ఒక్కో భాగాన్నే విడిగా కొలిచే మెషీన్ కంటే 30 రెట్లు మెరుగు. స్కాన్ల సంఖ్యకీ ఇదే వర్గమూలం: 16 బదులు 64 తీస్తే నిష్పత్తి రెట్టింపు. ఇంకో రెండు అడ్వాంటేజ్‌లున్నాయి: జాక్వినో అంటే సన్నటి స్లిట్‌లు లేక ఎక్కువ కాంతి రావడం, కాన్ అంటే 632.8 నానోమీటర్ల హీలియం-నియాన్ లేజర్‌తో అద్దం కదలికను కచ్చితంగా కొలవడం. ఈ రెండింటికీ ఇంతకుమించి టైమ్ పెట్టక్కర్లేదు.

మీ కాలేజీలో ఎఫ్‌టీఐఆర్ ఉంటే శాంపిల్ పెట్టకుండా బ్యాక్‌గ్రౌండ్ స్కాన్ తీయించుకుని చూడండి. 2349 దగ్గర కార్బన్ డయాక్సైడ్ అసిమెట్రిక్ స్ట్రెచ్ కనిపిస్తుంది, 3700 చుట్టూ నీటి ఆవిరి ముళ్లలా కిందికి దిగుతుంది. గాల్లో ఎక్కువున్న నైట్రోజన్, ఆక్సిజన్‌ల జాడే ఉండదు. డైపోల్ మారకపోతే ఐఆర్‌లో కనపడదన్న రూల్ ఆ స్క్రీన్ మీదే అర్థమైపోతుంది. నోటితో ఊదితే 2349 ఇంకా లోతుగా దిగుతుంది. సరదాగానే ఉంటుంది కానీ ల్యాబ్ ఇన్‌చార్జ్ సార్‌ని అడక్కుండా ఊదొద్దు. చాలా మెషీన్లలో బీమ్ స్ప్లిట్టర్ పొటాషియం బ్రోమైడ్‌ది, దానికి తేమ అస్సలు పడదు.