జుబైల్‌లో వేడిని కొలిచే గన్‌ల మధ్య

సౌదీ అరేబియా తూర్పు తీరంలోని జుబైల్ పారిశ్రామిక నగరంలో కొలిమి గోడలనూ మోటార్లనూ విద్యుత్ ప్యానెళ్లనూ తాకకుండా దూరం నుంచే ఉష్ణోగ్రత చూసే ఇన్‌ఫ్రారెడ్ గన్‌లు కాలిబ్రేషన్ కోసం మా ల్యాబ్‌కు వస్తుంటాయి. అవి చూపే అంకెను ఎంతవరకు నమ్మవచ్చో తేల్చి, సర్టిఫికెట్ మీద రాసివ్వడం నా ఉద్యోగం.

ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైనది ఆగడం. వేసవిలో 45 డిగ్రీలు దాటిన ఎండలో, వాహనంలో ప్రయాణించి వచ్చిన గన్‌ను 23 డిగ్రీల గదిలోకి తెచ్చిన వెంటనే పరీక్షకు పెట్టకూడదు. దానిలోని సెన్సరు ఎదుటి వస్తువు నుంచి వచ్చే కిరణాలను తన ఒంటి వేడితో పోల్చుకుని లెక్క కడుతుంది కాబట్టి, ఆ ఒళ్లు చల్లబడుతున్నంతసేపూ రీడింగ్ కదులుతూనే ఉంటుంది. గన్ తెచ్చిన డ్రైవర్ మన జగిత్యాల అబ్బాయే అయితే, "ఇంకెంత సేపైతదన్నా?" అని తలుపు దగ్గర నిలబడి అడుగుతాడు. అతని వెనక అతని సూపర్‌వైజర్ తొందర ఉందని నాకు తెలుసు. అయినా కుదురుకోని గన్‌ను ముట్టుకోను.

కాలిబ్రేటర్ అంటే నల్లటి ప్రత్యేకమైన పూత పూసిన ఒక లోహపు పలక. దాన్ని కావలసిన ఉష్ణోగ్రతకు వేడిచేసి, నిలకడగా ఉంచి, గన్‌ను గురిపెడతాం. పలక వేడెక్కినంత త్వరగా చల్లారదు. అందుకే తక్కువ ఉష్ణోగ్రతతో మొదలుపెట్టి పైకి వెళ్తాం. దూరం చాలా ముఖ్యం. దూరానికీ, గన్ చూసే వలయానికీ 12:1 నిష్పత్తి ఉన్న గన్ 600 మిల్లీమీటర్ల దూరం నుంచి 50 మిల్లీమీటర్ల వెడల్పైన వలయాన్ని చూస్తుందని చెబుతారు గానీ, ఆ వలయం అంచు బయటి నుంచి కూడా కొంత శక్తి లోపలికి చేరుతుంది. పలక వలయం కన్నా బాగా పెద్దదిగా ఉండవలసిన కారణం అదే. ఇక ఎమిసివిటీ, అంటే ఉపరితలం తన వేడిని కిరణాలుగా ఎంత మేరకు వెలువరిస్తుందో చెప్పే విలువ. 500 డిగ్రీల దగ్గర పలక విలువ 0.95కు బదులు గన్‌లో 1.00 పెడితే, 8–14 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం ఉన్న కిరణాలను చూసే గన్ పదిహేను డిగ్రీలకు పైగా తక్కువ చూపుతుంది.

గన్ తేడా చూపినప్పుడు వెంటనే సరిచేయాలనిపిస్తుంది. కానీ సరిచేయకముందు వచ్చిన రీడింగ్‌లను ముందుగా రాసి తీరాలి. అవి లేకపోతే గడిచిన కాలమంతా ఆ గన్‌తో కొలిచిన కొలిమి నిజంగా ఎంత వేడిగా ఉండేదో కర్మాగారానికి ఎన్నటికీ తెలియదు. సర్టిఫికెట్ శుభ్రంగా కనిపించాలని ఆ వరుసను వదిలేయమని అడిగేవాళ్లకు నేను ఒప్పుకోను. ఆ కొలిమి పక్కన పనిచేసేవాళ్లలో కరీంనగర్, నిజామాబాద్ నుంచి వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు.

ల్యాబ్‌లో నెగ్గిన గన్ కూడా బయట తప్పు చూపవచ్చు. ఇక్కడి పైపుల ఇన్సులేషన్ మీద మెరిసే అల్యూమినియం రేకు తొడుగుతారు. ఆ రేకు తన వేడిని చాలా తక్కువగా వెలువరించి, చుట్టూ ఉన్నదాన్ని అద్దంలా ప్రతిఫలిస్తుంది. పైన నిర్మలమైన ఆకాశం ఉంటే, చేయి కాలే రేకు మీద కూడా గన్ నమ్మశక్యం కానంత తక్కువ అంకె చూపుతుంది. రేకు వేడికి తట్టుకునే నల్లటి టేపు ముక్కను అతికించి, గన్ వలయం ఆ ముక్క దాటకుండా దగ్గరగా నిలబడి, దాని మీదే కొలవమని గన్ తిరిగి ఇచ్చేటప్పుడు ప్రతి ఒక్కరికీ చెబుతాను. తెలుగువాళ్లయితే తెలుగులో, లేకపోతే వచ్చిన హిందీలో.