ఆరేళ్ళ తరువాత మళ్ళీ అచ్చుకు

మూడు సంచికలకే ఆగిపోయిన మా హారర్, సైన్స్ ఫిక్షన్ బొమ్మల కథల సంకలనాన్ని ఆరేళ్ళ తరువాత ఈ వారం మళ్ళీ ప్రెస్సుకు పంపాను. అప్పట్లో ఆగింది కథలు లేక కాదు. ఇంకు ఆరకముందే కాగితాలను దొంతి పెట్టడంతో చీకటి పేజీల నలుపు ఎదుటి పేజీలకు అంటుకుని, సగం ప్రతులు పాతకాగితాల కొట్టుకు చేరాయి. దయ్యం ముఖంపై అంతరిక్షనౌక నీడ పడిన ఒక ప్రతి నా దగ్గర ఇంకా ఉంది. నిజానికి అది అసలు బొమ్మకంటే భయంకరంగా ఉంటుంది.

అయినా రంగుల జోలికి పోలేదు. అమెరికాలో 1954 నాటి కామిక్స్ కోడ్, అంటే బొమ్మల కథల ప్రచురణకర్తలు తమకు తామే పెట్టుకున్న నియమావళి, భయానక కథలను దాదాపు తుడిచిపెట్టాక, 1964లో 'క్రీపీ' అనే భయానక బొమ్మల కథల సంకలనం ఆ కోడ్ వర్తించని పత్రిక రూపంలో, లోపలంతా నలుపు తెలుపుల్లోనే వెలువడి నిలదొక్కుకుంది.

ఈసారి ఎక్కువ కాలం తిన్నవి అక్షరాలే. పైన గుడిదీర్ఘం, కింద రెండు ఒత్తులు ఉన్న 'స్త్రీ' అన్న ఒక్క మాట పాత్రల సంభాషణ రాసే బుడగలో రెండు వరుసల చోటు ఆక్రమిస్తుంది. బుడగ పెంచితే బొమ్మ తరుగుతుంది, కథను పొడిగిస్తే పేజీల వరుస మారుతుంది. ఉలిక్కిపడేలా చేయవలసిన బొమ్మ పేజీ తిప్పగానే ఎడమవైపే కనిపించాలి గనుక, ఒక్క పేజీ జరిగినా ఆ దయ్యం ముందుగానే దొరికిపోతుంది. మధ్యలో పిన్నులు కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగేసి చొప్పునే పెరుగుతాయి. చివరికి నా సంపాదకీయాన్నే తీసేశాను, ఎవరూ విచారించలేదు.